"వెటరన్" అను ముద్ర: అర్హులెవ్వరు? ఆధారమేది?

(మన సంఘ వార్షిక మహాసభయందు గావించిన ఉపన్యాసము)

  

 మాకు ముందు ప్రసంగించిన పెద్దలు విద్యార్థివేతనములను గూర్చియు, వివాహసంబంధములను గూర్చియు, స్వగ్రామములందలి పాఠశాలలను గూర్చియు సెలవిచ్చిరి. అవి యన్నియు గొప్ప విషయములు. మేము చెప్పబోవునది మిక్కిలి చిన్న విషయముగా దోచవచ్చును. అది యొక్క మాటను గూర్చినది. ఈ యమెరికా దేశమున మనమందఱము జేబులో నుంచుకొని తిరుగు డ్రైవింగు లైసెన్సుపై, కొందఱకు మాత్రమే ముద్రింపబడు "వెటరన్" అను మాటను గూర్చినది. వెటరన్ అనగా సైన్యమున పనిచేసి విడుదల పొందిన మాజీ సైనికుడు.

ఈ విషయమును మేమెన్నుకొనుటకు నిరుడు జరిగిన యొక చిన్న సంగతి కారణము. నిరుటి మహాసభ ద్వారమువద్ద మన వాలంటీర్లు వచ్చినవారి లైసెన్సులు చూచి, పేర్లు సరిపోల్చుకొని, లోనికి పంపుచుండిరి. మాకు ముందు ముప్పది యేండ్ల ప్రాయముగల యొక సోదరి నిలిచి యుండెను. ఆమె లైసెన్సుపై "వెటరన్" అని యుండెను. వాలంటీరుగా నున్న కుఱ్ఱవాడు మిక్కిలి మర్యాదగా, "అక్కా! మీరు పశువుల డాక్టరా?" అని యడిగెను. ఆమె నవ్వి, "కాదు తమ్ముడూ! ఆఱేండ్లు సైన్యములో పనిచేసి వచ్చినదానను" అనెను. ఆ కుఱ్ఱవాడు సిగ్గుపడెను. వెనుక నిలిచిన పెద్దమనిషి యొకరు, "మన యాడపిల్ల సైన్యములోనా?" అని మెల్లగా ననిరి. ఆ కుఱ్ఱవానికంటె మేమే యెక్కువ సిగ్గుపడితిమి. ఏలయన, మా బంధువర్గముననే యిద్దఱు సైన్యములో నుండినను, ఆ మాట యెవరికి ఇత్తురో, ఎవరికి ఇయ్యరో, ఎందులకట్లో మాకును సరిగా తెలియకుండెను. ఆనాటినుండి నేటివఱకు తెలిసికొన్నదానినే ఇప్పుడు మీ ముందు నుంచుచున్నాము.

సైనికవృత్తి తెలుగువారికి క్రొత్త కాదు. పశ్చిమగోదావరి ప్రాంతమున "మిలిటరీ మాధవరము" అని పేరొందిన గ్రామము కలదు. అచ్చట సైన్యమునకు మనుష్యుని పంపని యిల్లు అరుదని చెప్పుదురు. మన దేశమున సైన్యమునుండి వచ్చినవాడు తన డిశ్చార్జి పుస్తకమును ట్రంకు పెట్టెలో, దేవుని పటము క్రింద, పట్టాకాగితములతోపాటు భద్రముగా దాచుకొనును. ఈ దేశమున మాత్రము మన పిల్లలు తెచ్చిన యట్టి కాగితము ఏ సొరుగులో నున్నదో తల్లిదండ్రులకు తెలియదు. ఆ కాగితమే యీ ముద్రకు మూలము.

మున్ముందుగా తెలిసికొనవలసినది ఇది. ఇచ్చట డ్రైవింగు లైసెన్సు నిచ్చునది కేంద్రప్రభుత్వము కాదు, రాష్ట్రప్రభుత్వము. కావున దానిపై వెటరన్ ముద్ర ఎవరికి వేయవలయుననునది ఆ యా రాష్ట్రపు శాసనమునుబట్టి యుండును. నేడు ఏబది రాష్ట్రములును ఏదో యొక రీతిగా ఈ ముద్ర నిచ్చుచున్నవి. న్యూయార్కు రాష్ట్రమున నిది 2013 అక్టోబరునుండియు, కాలిఫోర్నియాలో 2015 నవంబరునుండియు నమలులోనికి వచ్చినది. కాలిఫోర్నియా పద్ధతిలో, మొదట కౌంటీలోని వెటరన్ల సేవాధికారి కాగితములు చూచి ధ్రువపఱచును. ఆ ధ్రువపత్రము గొనిపోయి మోటారు వాహనముల శాఖవారికి చూపవలయును. మఱికొన్ని రాష్ట్రములలో లైసెన్సు కచేరీవారే తిన్నగా కాగితమును పరీక్షింతురు. పద్ధతి యేదైనను ఈ ముద్ర ఐచ్ఛికము. కోరినవారికే వేయుదురు. తాము సైన్యములో నుండిన సంగతి ప్రతి దుకాణదారునకును తెలియుట యిష్టము లేనివారు కొందఱు కలరు. వారు కోరకపోయినచో తప్పు పట్టువా రెవ్వరును లేరు.

ఇక అర్హత. కేంద్రశాసనమున వెటరన్ అను పదమునకు నిర్వచనము కలదు. భూసేన, నౌకాసేన, వాయుసేన మొదలగువానియందు క్రియాశీల సేవ చేసి, అగౌరవముకాని పరిస్థితులలో విడుదల పొందినవాడు వెటరన్ అని దాని తాత్పర్యము. ఇందు రెండు భాగములున్నవి. మొదటిది సేవ, రెండవది విడుదలయొక్క స్వభావము. మనవారు మొదటిదానినే చూతురు. కచేరీవారు మొదట రెండవదానిని చూతురు.

విడుదలలు ముఖ్యముగా నయిదు విధములు. మొదటిది గౌరవపూర్వకమైన విడుదల. రెండవది గౌరవ పరిస్థితులకు లోబడిన సామాన్య విడుదల. అనగా సేవ సంతృప్తికరమే గాని యందు కొన్ని కొఱతలున్నవని యర్థము. మూడవది గౌరవేతర విడుదల. ఇది సైనిక న్యాయస్థానపు విచారణ లేకయే అధికారుల యుత్తరువుచే కలుగవచ్చును. నాల్గవది దుష్ప్రవర్తనకుగాను సైనిక న్యాయస్థానము శిక్షగా విధించునది. అయిదవది అగౌరవ విడుదల. ఇది ఘోరమైన నేరములకుగాను ఉన్నత సైనిక న్యాయస్థానము మాత్రమే విధించునది. ఇవిగాక, సేవలో ప్రవేశించిన తొలి మాసములలోనే వెడలినవారికి ఏ స్వభావమును వ్రాయక యిచ్చు విడుదలయు నొకటి కలదు. టెక్సాసు వంటి రాష్ట్రములు గౌరవపూర్వకమైన విడుదల నడుగును. కొన్ని రాష్ట్రములు రెండవ విధమును గూడ నంగీకరించును. మఱికొన్ని కేంద్రశాసనపు మాటలనే యనుసరించి గీత గీయును. కావున ఒక రాష్ట్రమున ముద్ర లభించినవానికి, ఇల్లు మార్చి మఱియొక రాష్ట్రమునకు పోయినప్పుడు అచ్చట లభింపకపోవచ్చును. మనవా రుద్యోగములకొఱకు తఱచుగా రాష్ట్రములు మారుదురు గనుక ఈ సంగతి గుర్తుంచుకొనదగినది.

ఇప్పటికిని సేవలో నున్నవానికి సామాన్యముగా నీ ముద్ర ఉండదు. ఏలయన, విడుదల పొందినగాని వెటరన్ కాడు. ఇక నేషనల్ గార్డు నందును, రిజర్వు సేనయందును ఉన్నవారి సంగతి మఱింత చిక్కైనది. వారు నెలకొకమాఱు వారాంతమున శిక్షణకు పోవుదురు. ఏటేట కొన్ని దినములు శిబిరములం దుందురు. శిక్షణ మాత్రమే పొంది, ఆ శిక్షణలో దేహబాధ యేదియు కలుగనివారు కేంద్రనిర్వచనము చొప్పున వెటరన్లు కారు. ఇరువదియేండ్లు వరదలలోను, తుపానులలోను జనులను కాపాడినవారికి గూడ ఆ పేరు లేకపోయెను. తుదకు 2016 డిసెంబరులో నొక శాసనము వచ్చి, గార్డు లేక రిజర్వునందు పింఛనుకు తగిన యిరువదియేండ్ల సేవ చేసినవారిని వెటరన్లుగా గౌరవింపవలయునని చెప్పినది. అయితే ఆ గౌరవము పేరుకే గాని, దానివలన క్రొత్త లాభములేవియు కలుగవని గూడ ఆ శాసనమే చెప్పినది. లైసెన్సు ముద్రవిషయమున గార్డువారి విడుదలపత్రమును కొన్ని రాష్ట్రము లంగీకరించుచున్నవి. ఆ పత్రమునకు ఎన్.జి.బి. 22 అని పేరు.

ఎవరు వెటరన్ అనునది శాశ్వతముగా తేలిపోయిన విషయము కాదని చూపుటకు మఱియొక యుదాహరణము చెప్పెదము. రెండవ ప్రపంచ యుద్ధకాలమున 1,074 మంది స్త్రీలు సైనిక విమానములు నడుపుటకు శిక్షణ ముగించి, కర్మాగారములనుండి విమానములను స్థావరములకు చేర్చుచుండిరి. వారిలో 38 మంది విధినిర్వహణలో మరణించిరి. వారిని పౌరోద్యోగినులుగానే లెక్కించినందున, మృతుల దేహములను ఇండ్లకు చేర్చు వ్యయము సైన్యము భరింపలేదు. 1977 సంవత్సరమున శాసనము వచ్చినపిదపగాని వారికి వెటరన్ అను పేరు రాలేదు. అప్పటికి యుద్ధము ముగిసి ముప్పది రెండేండ్లు గడచినవి. సేవ మారలేదు, దానిని చూచు చూపు మారినది. నిరుడు ద్వారమువద్ద "ఆడపిల్ల సైన్యములోనా" యని యాశ్చర్యపడిన పెద్దలు ఈ కథను విని మఱియొకమాఱు ఆలోచింతురుగాక!

ఇక ఆధారపత్రము. అది డి.డి. 214 అను కాగితము. 1950 నుండి వాడుకలో నున్నది. అందు సేవలో చేరిన తేది, వెడలిన తేది, హోదా, పతకములు మొదలగునవి యుండును. దాని 24వ గడిలో విడుదల స్వభావము వ్రాయబడి యుండును. ఈ పత్రమును సైనికునకు రెండు ప్రతులుగా నిత్తురు. మెంబరు 1 అను ప్రతిలో విడుదల స్వభావ ముండదు. మెంబరు 4 అను ప్రతిలో నుండును. మొదటి ప్రతి గొనిపోయినవాడు వట్టి చేతులతో తిరిగివచ్చును.

నిరుడు మేము చూచిన సోదరి యదేరాత్రి భోజనసమయమున తన యనుభవమును మాకు చెప్పెను. ఆమె లైసెన్సు కచేరీకి మూడుమాఱులు పోయెనట. మొదటిమాఱు మెంబరు 1 ప్రతిని గొనిపోయెను. రెండవమాఱు సరియైన ప్రతినే గొనిపోయెను గాని, దానిపై పుట్టింటి యింటిపేరును, లైసెన్సుపై భర్త యింటిపేరును ఉండెను. వివాహపత్రము తెమ్మని పంపివేసిరి. మూడవమాఱు ముద్ర పడెను. "యుద్ధభూమికి ఒక్కమాఱు పంపిరి బాబాయిగారూ! ఈ యొక్కమాటకు మూడుమాఱులు పంపిరి" అని యామె నవ్వుచు ననెను.

ఈ పేర్ల చిక్కు తెలుగువారికి ప్రత్యేకముగా కలుగునది. ఇంటిపేరు ముందుంచుకొనువారు కొందఱు. పొడియక్షరముగా నుంచుకొనువారు కొందఱు. పాస్‌పోర్టులో పేరంతయు నొక్క గడిలోనే వ్రాయించుకొన్నందున, ఇచ్చటి కాగితములలో పేరున్నచోట ఎఫ్.ఎన్.యు. అను మూడక్షరములు తగిలించుకొన్నవారు కొందఱు. సైన్యములో చేరునాడు వ్రాయించిన పేరే విడుదలపత్రమున నుండును. పౌరసత్వము వచ్చునాడు పేరు మార్చుకొన్నవారు ఆ పౌరసత్వపత్రమును, వివాహమున మారినవారు వివాహపత్రమును జతపఱచి యుంచుకొనవలయును. పత్రముననే పొరపాటు పడినచో దానిని దిద్దుటకు డి.డి. 215 అను వేఱొక పత్రము కలదు.

పత్రము పోగొట్టుకొన్నవారు భయపడనక్కరలేదు. మిస్సోరీ రాష్ట్రమున సెయింట్ లూయీ నగరమున జాతీయ సిబ్బంది రికార్డుల భవనము కలదు. అచ్చటికి వ్రాసినచో వెటరనుకును, అతడు మరణించినచో సమీప బంధువులకును నకలు సామాన్యముగా నుచితముగానే యిత్తురు. నకలు తెప్పించెదమని సొమ్ము పుచ్చుకొను మధ్యవర్తులతో మనకు పనిలేదు. అయితే కాగితమును గూర్చి యజాగ్రత్త పనికిరాదనుటకు ఆ రికార్డుల చరిత్రయే సాక్షి. 1973 జూలై 12వ తేదిన ఆ రికార్డుల అప్పటి భవనమున గొప్ప యగ్నిప్రమాదము సంభవించి, 1 కోటి 60 లక్షలు మొదలు 1 కోటి 80 లక్షల వఱకు సైనికుల రికార్డులు భస్మమైనవి. 1912 నుండి 1960 వఱకు భూసేననుండి విడుదలైనవారి కాగితములలో నూటికి 80 వంతులు నశించెను. వానికి వేఱు ప్రతులు లేకుండెను. నేటికిని, జీతపు పట్టికలు మొదలగు ఇతరాధారములనుండి కూర్చి, సేవాధ్రువపత్రములను వ్రాసి యిచ్చుచున్నారు. ప్రభుత్వమువారి యింటిలోనే యగ్ని పుట్టినప్పుడు, మన సొరుగునందలి యొక్క ప్రతి యెంత విలువైనదో వేఱుగా చెప్పనేల? కౌంటీ కచేరీలో దానిని నమోదు చేయింపవచ్చును. కాని కొన్నిచోట్ల అట్లు నమోదైన కాగితము ఎవరైనను చూడదగినదగును. పత్రమున వ్యక్తిగత వివరములుండును గనుక ముందుగా విచారించి మఱి చేయవలయును.

సోదరులారా! ఇచ్చట నొక చరిత్ర చెప్పవలసియున్నది. కులసంఘపు వేదికపై నిలిచి దానిని చెప్పుటకు మాకు కొంత సంకోచము కలదు. అయినను చెప్పకుండుట ధర్మము కాదు.

భగత్ సింగ్ తింద్ అను పంజాబీ సిక్కు 1913లో ఈ దేశమునకు వచ్చెను. మొదటి ప్రపంచ యుద్ధమున, 1918లో అమెరికా సైన్యమున చేరెను. తలపాగాతోనే సేవ చేసెను. ఆ సంవత్సరము డిసెంబరులో గౌరవపూర్వకముగా విడుదల పొందెను. అదే మాసమున పౌరసత్వము నిచ్చిరి. నాలుగు దినములలోనే తీసివేసిరి. 1920లో ఒరెగాన్ రాష్ట్రమున రెండవమాఱు ఇచ్చిరి. ప్రభుత్వము దానిని గూడ ప్రశ్నించెను. అప్పటి శాసనము చొప్పున పౌరసత్వమునకు తెల్లజాతివారును, ఆఫ్రికా సంతతివారును మాత్రమే యర్హులు. తింద్ పక్షమున సర్వోన్నత న్యాయస్థానము ముందు జరిగిన వాదమేమి? ఆయన ఉన్నతకులస్థుడైన హిందువనియు, ఆర్యసంతతివాడనియు, కావున తెల్లవారిలో జేరినవాడనియు వాదము! 1923 ఫిబ్రవరిలో న్యాయస్థాన మా వాదమును త్రోసివేసెను. సామాన్యజనుల దృష్టిలో నాయన తెల్లవాడు కాడని చెప్పెను. కులమును జూపి తెఱవగోరిన తలుపు తెఱచుకొనలేదు. ఆ తీర్పును ఆధారము చేసికొని, అప్పటికే పౌరసత్వము పొందిన ఇతర భారతీయులనుండి గూడ దానిని తీసివేసిరి.

మఱి తలుపు ఎట్లు తెఱచుకొనెను? 1935లో నొక శాసనము వచ్చెను. మొదటి ప్రపంచ యుద్ధమున అమెరికా సైన్యములో పనిచేసిన, ఆసియావారైన వెటరన్లు పౌరసత్వమునకు అర్హులని యది చెప్పెను. దానినిబట్టి తింద్ 1936లో న్యూయార్కున పౌరుడయ్యెను. కులము చేయలేని పనిని విడుదలకాగితము చేసెను. మనము కులమును బట్టి యిచ్చట కూడితిమి. పరస్పర సహాయమునకై కూడుట మంచిదే. కాని జన్మముచేత వచ్చినదానికంటె సేవచేత వచ్చిన పేరు గట్టిదని ఆ కథ మనకు నేర్పుచున్నది. తన తరువాతివారికి దారి చూపుటకు ఆయన వంశవృక్షము మిగులలేదు. ఆయన సైనికసేవయే మిగిలినది.

ఇది పాతకథ యని త్రోసివేయవలదు. 2008లో అమెరికా రక్షణశాఖవారు మావ్ని యను పథకమును పెట్టిరి. గ్రీన్‌కార్డు లేకపోయినను, వీసాలపై న్యాయబద్ధముగా నున్న వైద్యవృత్తివారిని, కొన్ని భాషలు తెలిసినవారిని సైన్యమున చేర్చుకొనుటకు నది యేర్పడినది. 2016లో క్రొత్తవారిని చేర్చుకొనుట నిలిచిపోవునప్పటికి పదివేలకు పైగా జనులు దానిద్వారా చేరిరి. వారిలో భారతదేశమునుండి చదువులకై వచ్చినవారును కలరు. అట్టివారికి సైనికసేవ మూలముగా శీఘ్రముగా పౌరసత్వము లభించును. కాని యిందొక మెలిక యున్నది. అట్లు పౌరసత్వము పొందినవాడు, గౌరవప్రదమైన అయిదేండ్ల సేవ పూర్తికాకమునుపే గౌరవేతరముగా విడుదలైనచో ఆ పౌరసత్వమును తీసివేయుటకు శాసనమున వీలు కలదు. 24వ గడిలోని యొక్క పంక్తి లైసెన్సు ముద్రతో పోవునది కాదు. కొందఱికి అది కాలిక్రింది నేలవంటిది.

ఇక ముద్ర రానివారిని గూర్చి చెప్పెదము. మేము ముఖ్యముగా చెప్పదలచినది ఇదియే.

మా బంధువర్గమున నొక యువకుడు కలడు. పేరు చెప్పము. ఆఫ్ఘనిస్థానమునకు పోయి వచ్చెను. వచ్చినపిదప నిద్ర పోయెను, త్రాగుడు వచ్చెను, విధులకు హాజరగుట మానెను. గౌరవేతర విడుదల వ్రాసి పంపిరి. ఆనాటినుండి అతడు మన సభలకు రాడు. తలిదండ్రులు, ఎవరైన నడిగినచో, "ఉద్యోగము మారినాడు" అని చెప్పుదురు. ఆ తల్లి యొకనాడు మాతో, "అన్నయ్యగారూ! వాడు వెళ్లినమాట నిజము. పడిన బాధ నిజము. కాగితములో మాత్రము అవి లేవు" అని కన్నీరు పెట్టుకొనెను. ఆమెకు మేము చెప్పగలిగిన సమాధానమే ఇప్పుడు మీకును చెప్పుచున్నాము.

విడుదల స్వభావము మార్పునకు లొంగనిది కాదు. విడుదలైన పదునైదేండ్లలోపల డి.డి. 293 అను పత్రముపై విడుదల పునర్విచారణ మండలికి విన్నవించుకొనవచ్చును. ఆ గడువు దాటినవారును, ఉన్నత సైనిక న్యాయస్థానము శిక్షించినవారును డి.డి. 149 అను పత్రముపై రికార్డుల సవరణ మండలికి వ్రాసికొనవచ్చును. ఈ రెండవదానికి, తప్పు కనుగొన్ననాటినుండి మూడేండ్లు గడువు. న్యాయమునుబట్టి మండలి యా గడువును మన్నింపవచ్చును. యుద్ధమువలన మనస్సునకు తగిలిన గాయము, తలకు తగిలిన దెబ్బ, సైన్యములో జరిగిన లైంగిక దౌర్జన్యము, ఇట్టివి ఆ ప్రవర్తనకు కారణములైనచో మండళ్లు ఉదారదృష్టితో చూడవలయునని 2014లోను, 2017లోను రక్షణశాఖవారు ఉత్తరువు లిచ్చిరి. స్వలింగప్రియులని తెలిసి వెడలగొట్టబడినవారి సంగతియు నట్టిదే. వారిని నిషేధించిన నియమము 2011 సెప్టెంబరులో తొలగినది గనుక వారును విన్నవించుకొనుచున్నారు. అన్ని విన్నపములును ఫలించునని మేము చెప్పము. కాని విన్నపము చేయనివానికి ఫలమే లేదు. మా బంధువైన యువకుడు నిరుడు పత్రము పంపెను. ఇంకను జవాబు రాలేదు. పత్రముపై సంతకము చేసిననాడు అతడు చాలకాలమునకు తల్లితో కూర్చుండి భోజనము చేసెనని తెలిసి సంతసించితిమి.

ముద్ర వచ్చినవారును దాని హద్దు తెలిసికొనవలయును. అది గుర్తు, హక్కుపత్రము కాదు. వెటరన్ల శాఖవారి వైద్యము, పింఛను, విద్యాసహాయము మొదలగునవి వేఱు నియమములచే కలుగును. 1980 సెప్టెంబరు తరువాత చేరినవారు అనేక సహాయములకు ఇరువదినాలుగు మాసముల సేవయో, తమ్ము పిలిచిన కాలమంతయు పూర్తిచేయుటయో చూపవలయును. సేవలో దేహబాధ కలిగినవారికి మినహాయింపు కలదు. ముద్ర యున్నంతమాత్రమున వైద్యశాలలో చేర్చుకొనరు; ముద్ర లేనంతమాత్రమున హక్కు పోదు. 2015 నాటి శాసనము ననుసరించి వెటరన్ల శాఖవారే వేఱుగా నొక గుర్తింపుకార్డును 2017 చివరనుండి యిచ్చుచున్నారు. విమానయానమునకై లైసెన్సుపై వేయు నక్షత్రపు గుర్తునకును ఈ ముద్రకును సంబంధము లేదు. అయితే ముద్రవలన లాభము లేకపోలేదు. దుకాణమునను, కచేరీయందును పెద్ద కాగితమును విప్పి చూపు శ్రమ తప్పును; అనేకుల చేతులలో ఆ పత్రము తిరుగకుండును.

మహాజనులారా! మాకు తోచిన మూడు సూచనలను ఈ సభవారి ముందు సవినయముగా నుంచుచున్నాము.

మొదటిది: సైన్యమున పనిచేసిన బిడ్డలున్న ప్రతి కుటుంబమువారును, ఇంటికి పోయినవెంటనే, డి.డి. 214 మెంబరు 4 ప్రతి యెచ్చట నున్నదో చూచుకొనవలయును. లేనిచో నకలుకు వ్రాయవలయును. పేర్లు సరిపోల్చుకొని, మార్పును చూపు కాగితములను దానితో జతపఱుపవలయును.

రెండవది: సంఘమునందలి మాజీ సైనికులతో నొక చిన్న సహాయోపసంఘమును ఏర్పఱుపవలయును. ప్రతి రాష్ట్రపు నియమములను వారే కంఠస్థము చేయనక్కరలేదు. కౌంటీలలో వెటరన్ల సేవాధికారులు రుసుము లేకయే సహాయము చేయుచున్నారు. వారియొద్దకు దారి చూపినను చాలును.

మూడవది: నిరుటి కుఱ్ఱవానివలె తెలియక యడుగుటలో దోషము లేదు, తెలిసియు పలుకరింపకుండుట దోషము. ఈ సంచికలో డాక్టర్ల పేర్లును, ఇంజనీర్ల పేర్లును అచ్చువేయుచున్నాము. సైన్యమున సేవచేసిన మనవారి పేర్లను, వారి యనుమతి గైకొని, వచ్చు సంవత్సరము అచ్చువేయుదము. ఆ పట్టికలో జేర్చుటకు ఎవరి లైసెన్సును అడుగవలదని మా ప్రార్థన. లైసెన్సుపై మాట వేయుటకు ప్రభుత్వమునకు గీత కావలయును. ఆ గీత న్యాయమైనదే. గీత లేనిచో ఆ మాటకు విలువ యుండదు. మనము ప్రభుత్వము కాము. మన సంఘమునకు అట్టి గీత యక్కరలేదు. ముద్రగలవాడును, ముద్ర రాక విన్నపము పంపి యెదురుచూచువాడును, మన పంక్తిలో ప్రక్కప్రక్కనే కూర్చుండి భోజనము చేయవలయును.